లీగ్ పుట్టిన ఊళ్ల మీదుగా ఏడు రోజులు

మొదటి రోజు: బ్రెంట్‌ఫర్డ్

2010లో చదువుకోవడానికి లండన్ వచ్చినప్పుడు ఈ దేశంలో ఏ ఊరు ఎక్కడుందో తెలుసుకోవడానికి నేను ఎంచుకున్న దారి ఫుట్‌బాల్. ఒక రైల్వే పటం సంపాదించి, ఆ ఏడాది ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో పై శ్రేణి అయిన ప్రీమియర్ లీగ్‌లో ఆడుతున్న ఇరవై జట్ల ఊళ్ల చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టాను. పది సున్నాలు ఉత్తరాన పడ్డాయి. వాటిలో ఎనిమిది పాత లాంకషైర్ ప్రాంతానివే: బ్లాక్‌బర్న్, బ్లాక్‌పూల్, బోల్టన్, విగన్, మాంచెస్టర్ జట్లు రెండు, లివర్‌పూల్ జట్లు రెండు. మిగిలిన రెండూ ఈశాన్యాన ఉన్న న్యూకాజిల్, సండర్లాండ్. దక్షిణాన ఐదే ఉన్నాయి, ఆ ఐదూ లండన్‌వే. మిగతావి నడిమి ప్రాంతానివి.

ఆ పటం ఇప్పటికీ నా దగ్గరుంది. 2024-25 సీజన్ ముగిశాక అదే పటం మీద నీలం పెన్సిలుతో మళ్లీ సున్నాలు చుట్టాను. ఈసారి దక్షిణాన పదకొండు పడ్డాయి: లండన్‌లో ఏడు, వాటికి తోడు బ్రైటన్, బోర్న్‌మత్, సౌతాంప్టన్, తూర్పు వైపున ఇప్స్‌విచ్. ఉత్తరాన ఐదు మాత్రమే మిగిలాయి, ఆ ఐదూ మాంచెస్టర్, లివర్‌పూల్, న్యూకాజిల్ అనే మూడు నగరాల్లోనివి. ఎర్ర సున్నా ఉండి నీలం సున్నా లేని ఊళ్లను చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఆటలు లేని జూన్ నెలలో వారం రోజులు సెలవు పెట్టి, జట్లను కాకుండా ఊళ్లను చూసి రావాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

ప్రయాణం మా ఇంటి దగ్గరి నుంచే మొదలైంది. నేనుండే హౌన్‌స్లో నుంచి కొద్ది నిమిషాల్లోనే క్యూ బ్రిడ్జ్ స్టేషన్ వస్తుంది. దాని పక్కనే రైలు పట్టాల మధ్య త్రికోణాకారపు స్థలంలో బ్రెంట్‌ఫర్డ్ కొత్త మైదానం ఉంది. 2020లో తెరిచిన ఈ స్టేడియంలో పట్టేది సుమారు 17 వేల మంది. ఏటా ఒక శ్రేణిలో అట్టడుగున నిలిచిన జట్లు కింది శ్రేణికి జారతాయి, కింది శ్రేణిలో ముందున్నవి పైకి వస్తాయి. 1947లో పై శ్రేణి నుంచి జారిపోయిన ఈ క్లబ్ మళ్లీ అక్కడికి చేరడానికి 74 ఏళ్లు పట్టింది. చిన్ననాటి నుంచీ ఈ జట్టుకే అభిమాని అయిన యజమాని, గణాంకాల ఆధారంగా ఆటగాళ్లను వెదికే పద్ధతిని నమ్ముకుని దీన్ని నిలబెట్టాడు. ఈ ఎదుగుదలను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. అయితే ఒక విషయం కళ్లెదుటే కనిపిస్తుంది. ఇక్కడ సంతకం చేసిన ఆటగాడికి హీత్రో విమానాశ్రయం అందుబాటులో ఉంటుంది, కుటుంబానికి ప్రపంచ నగరంలో ఇల్లు, పిల్లలకు బడులు దొరుకుతాయి. ఉత్తరాదిలోని ఒక మిల్లుల ఊరు అదే ఆటగాణ్ణి రప్పించాలంటే జీతంతోనే అంతా పూడ్చుకోవాలి.

రెండో రోజు: బోర్న్‌మత్

వాటర్లూ నుంచి రెండు గంటల ప్రయాణం. సముద్రపు ఒడ్డున, విహారానికి వచ్చేవారితో కళకళలాడే ఊరు. మైదానంలో పట్టేది దాదాపు 11 వేల మందే. 2008లో ఈ క్లబ్ అప్పుల వల్ల పాలనాధికారి చేతిలోకి వెళ్లింది, మరుసటి ఏడాది నాలుగు శ్రేణుల లీగ్ నుంచే జారిపోయే ప్రమాదాన్ని తృటిలో తప్పించుకుంది, 2015లో మొదటిసారిగా పై శ్రేణికి చేరింది. ఆ చిన్న మైదానం చుట్టూ రెండుసార్లు తిరిగి 11 వేలు అనే అంకెను నోటుపుస్తకంలో రాసుకున్నాను. ప్రయాణం చివర్లో అది మళ్లీ అవసరపడుతుందని తెలుసు.

మూడో రోజు: ప్రెస్టన్

యూస్టన్ నుంచి ప్రెస్టన్‌కు రెండుంపావు గంటల ప్రయాణం. బ్లాక్‌బర్న్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా వైద్యుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మా బాబాయి స్టేషన్‌కు కారు తెచ్చారు.

“ఏరా, లండన్‌లో ఏడు క్లబ్బులు పెట్టుకుని ఆటలు లేని నెలలో ఇక్కడికొచ్చావేంటి?” అన్నారు.

“ఆట కోసం కాదు బాబాయ్, ఊళ్ల కోసం వచ్చాను. మీరే చూపించాలి” అన్నాను. దారిలో ఆయన ఇంకేమీ అనకుండా నన్ను నేరుగా డీప్‌డేల్ మైదానానికి తీసుకెళ్లారు.

ఫుట్‌బాల్ లీగ్ 1888లో పన్నెండు క్లబ్బులతో పుట్టింది. ఆరు లాంకషైర్‌వి, ఆరు నడిమి ప్రాంతానివి, దక్షిణాది నుంచి ఒక్కటీ లేదు. ఆస్టన్ విల్లా క్లబ్‌కు చెందిన బట్టల వ్యాపారి విలియం మెక్‌గ్రెగర్ ఆలోచన అది. మార్చి 23న లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లోని ఒక హోటల్లో మొదటి సమావేశం జరిగినా, దానికి దక్షిణాది క్లబ్ ఒక్కటీ రాలేదు. ఏప్రిల్ 17న మాంచెస్టర్‌లో లీగ్‌కు రూపమిచ్చారు. ఆటకు డబ్బు తీసుకోవడాన్ని లండన్ పెద్దమనుషులు నామోషీగా చూశారు. వారంలో ఐదున్నర రోజులు మిల్లులో పనిచేసే కార్మికుడికైతే, కూలి పోగొట్టుకుని ఆడడం సాధ్యమయ్యే పని కాదు. ఆటగాళ్లకు డబ్బిస్తున్నామని 1884లో బాహాటంగా ఒప్పుకుని ఎఫ్.ఎ. కప్ అనే దేశవ్యాప్త నాకౌట్ పోటీ నుంచి వేటుకు గురైన క్లబ్ ఈ ప్రెస్టనే. మరుసటి ఏడాదే డబ్బిచ్చి ఆడించడాన్ని చట్టబద్ధం చేయక తప్పలేదు. లీగ్ తొలి సీజన్‌లో ఒక్క ఆటా ఓడకుండా కప్పు, లీగ్ రెండూ గెలిచిందీ ప్రెస్టనే. 1931లో ఆర్సెనల్ గెలిచేదాకా లీగ్ విజేత పట్టం దక్షిణాదికి ఒక్కసారీ దక్కలేదు. ఆ ఆర్సెనల్‌ను తీర్చిదిద్దిన హెర్బర్ట్ చాప్‌మన్ కూడా 1925లో యార్క్‌షైర్‌లోని హడర్స్‌ఫీల్డ్ నుంచి వెళ్లినవాడే.

మైదానం ముందు నీటిలో జారుతూ బంతిని వెంటాడుతున్న టామ్ ఫిన్నీ విగ్రహం ఉంది. ఇంగ్లండ్ కన్న గొప్ప ఆటగాళ్లలో ఒకడైన ఫిన్నీ తన లీగ్ జీవితమంతా ఈ ఒక్క క్లబ్‌కే ఆడాడు, పక్కన ప్లంబింగ్ పని కూడా చేసుకునేవాడు. 1952లో ఇటలీ క్లబ్ పలేర్మో 10 వేల పౌన్లు ఇస్తామన్నా ప్రెస్టన్ వదల్లేదు. ఆ రోజుల్లో ఏ క్లబ్ అయినా ఆటగాడికి ఇవ్వదగిన జీతానికి ఒక గరిష్ఠ పరిమితి ఉండేది. చివరికది వారానికి 20 పౌన్లయింది. ఆ పరిమితిని 1961లో ఎత్తివేశారు. లండన్‌లోని ఫుల్హమ్ తన నాయకుడు జానీ హేన్స్‌కు వెంటనే వారానికి 100 పౌన్లు ఇచ్చింది. అదే 1961లో ప్రెస్టన్ పై శ్రేణి నుంచి జారింది. ఇప్పటిదాకా మళ్లీ ఎక్కలేదు.

ఆ పరిమితి ఆటగాళ్లను దాదాపు కట్టుబానిసలుగా ఉంచిన అన్యాయమైన నిబంధన, దాన్ని ఎత్తివేయడం న్యాయమే. అయినా అది ఉన్నన్నాళ్లూ చిన్న ఊరికీ పెద్ద నగరానికీ మధ్య ఒక గట్టులా నిలిచింది. గట్టు తీసేసినప్పుడు నీరు ఎటు పోతుందో ఆలోచించి ఇంకో ఏర్పాటు చేయకపోవడమే అసలు పొరపాటని నాకు అనిపిస్తుంది.

నాలుగో రోజు: డార్వెన్, బ్లాక్‌బర్న్

ఈ ప్రయాణంలో నా మనసుకు బాగా దగ్గరైన రోజు ఇది. బ్లాక్‌బర్న్‌కూ బోల్టన్‌కూ మధ్య లోయలో ఉన్న డార్వెన్‌లోకి దిగుతుంటే దూరం నుంచే ఒక పొగగొట్టం కనిపిస్తుంది. ఇటలీ గంటస్తంభాల తీరులో ఇటుకతో కట్టిన, సుమారు 300 అడుగుల ఎత్తున్న ఆ కట్టడం ఉన్న మిల్లు పేరు ఇండియా మిల్. ఇక్కడి మగ్గాల గుడ్డ ఏ దేశపు బజార్లకు వెళ్లిందో ఆ పేరే చెబుతుంది. మన నేతగాళ్ల మగ్గాలు మూగబోవడానికి కారణమైన గుడ్డ అది. 1931 సెప్టెంబరులో గాంధీ ఇక్కడికే వచ్చారు. విదేశీ వస్త్ర బహిష్కరణ వల్ల పని పోయిన కార్మికులను ఆయన స్వయంగా కలుసుకున్నారు. మిల్లు ఆడకూలీల మధ్య ఆయన నిలబడిన ఫోటో నేను చిన్నప్పుడే పాఠ్యపుస్తకంలో చూశాను, ఊరి పేరు మాత్రం అప్పట్లో పట్టించుకోలేదు. పొందూరు ఖద్దరు కట్టిన ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. ఆ పొగగొట్టం కింద నిలబడినప్పుడు, రెండు వైపులా నష్టపోయింది మగ్గం మీద బతికినవాళ్లేనని అనిపించింది.

ఉత్తర, దక్షిణాల మధ్య ఫుట్‌బాల్ తగవు మొదలైందీ ఈ ఊళ్లోనే. 1879లో డార్వెన్ జట్టు ఎఫ్.ఎ. కప్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లింది. ఎదుటి జట్టు ఓల్డ్ ఈటోనియన్స్, అంటే ఈటన్ బడిలో చదివిన కులీనులు. మొదటి ఆటలో 5-1తో వెనకబడిన డార్వెన్ కార్మికులు చివర్లో విజృంభించి 5-5తో సమం చేశారు. అదనపు సమయం ఆడదామంటే ఈటోనియన్స్ ఒప్పుకోలేదు. తిరుగు ఆట ఉత్తరాన పెట్టలేదు, అదీ లండన్‌లోనే. అది 2-2. మూడోదీ లండన్‌లోనే. రెండు వందల మైళ్ల దూరం, ప్రతిసారీ రైలు ఛార్జీలు, పోయిన కూలి. ఊరంతా చందాలు వేసుకుని పంపితే, అలసిన జట్టు మూడో ఆటలో 6-2తో ఓడిపోయింది. ఆ ఏడాది కప్పు ఈటోనియన్స్‌దే అయింది. నాలుగేళ్లకు 1883లో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే జట్టు అదే ఈటోనియన్స్‌ను ఫైనల్లో 2-1తో ఓడించి కప్పును తొలిసారి ఉత్తరానికి తెచ్చింది. నేత, వడుకు, ఇనుప పోత పనులు చేసుకునేవాళ్లు ఆ జట్టులో ఉన్నారు.

మధ్యాహ్నం బాబాయి ఇంట్లో పిన్ని పెట్టిన పప్పుచారు అన్నం తిని, బ్లాక్‌బర్న్ రోవర్స్ మైదానమైన ఇవుడ్ పార్కుకు నడిచి వెళ్లాం. ఊళ్లోనే పుట్టి ఉక్కు వ్యాపారంలో ధనవంతుడైన జాక్ వాకర్ 1991లో ఈ క్లబ్‌ను చేతుల్లోకి తీసుకున్నాడు. సౌతాంప్టన్ నుంచి అలన్ షియరర్‌ను అప్పటి బ్రిటిష్ రికార్డు ధరకు తెచ్చాడు. 1995లో జట్టు ప్రీమియర్ లీగ్ గెలిచింది. చివరి ఆట లివర్‌పూల్‌లో 2-1తో ఓడినా, అదే సమయానికి లండన్‌లో మాంచెస్టర్ యునైటెడ్ వెస్ట్ హామ్‌పై గెలవలేకపోవడంతో పట్టం దక్కింది.

“ఆ రాత్రి ఊళ్లో ఎవరూ పడుకోలేదురా. వార్డులో రోగులు కూడా రేడియో కట్టేయనివ్వలేదు” అన్నారు బాబాయి, ఇవుడ్ పార్కు బయటి గోడను అరచేత్తో నిమురుతూ.

2010 నవంబరులో ఈ క్లబ్‌ను కొన్నది, మన కోళ్ల ఫారాల వాళ్లందరికీ తెలిసిన పుణె సంస్థ వెంకీస్. 2012లో జట్టు పై శ్రేణి నుంచి జారింది, 2017లో ఇంకో మెట్టు దిగింది, ఏడాదికే అక్కడి నుంచి లేచింది, పై శ్రేణికి మాత్రం ఇంకా చేరలేదు.

ఇప్పుడు ఇంకో జాక్ వాకర్ పుట్టినా ఆ కథ మళ్లీ జరగడం చాలా కష్టం. మూడేళ్లలో క్లబ్ చూపగల నష్టం 105 మిలియన్ పౌన్లకు మించకూడదని 2025-26 సీజన్ దాకా ప్రీమియర్ లీగ్ నిబంధన ఉండేది. అప్పుల పాలు కాకుండా కాపాడడానికి పెట్టిన మంచి నియమమే అది. అయితే ఖర్చును రాబడికి కట్టేసినప్పుడు, రాబడి ఎక్కువున్నవాడు ఎక్కువగానే ఖర్చు పెడుతూ పోతాడు. అరవై వేల సీట్లు, ఖరీదైన అతిథి గదులు, వాటిని ఏడాది పొడుగునా కొనుక్కునే కంపెనీలు లండన్‌లో ఉన్నాయి, బ్లాక్‌బర్న్‌లో లేవు.

ఐదో రోజు: అక్రింగ్టన్, బర్న్లీ

బ్లాక్‌బర్న్ నుంచి తూర్పుకు వెళ్లే చిన్న రైలు మిల్లుల వెనక నుంచి, రాతి ఇళ్ల వరుసల మీదుగా సాగుతుంది. అక్రింగ్టన్‌లో దిగి కాసేపు తిరిగాను. లీగ్‌ను స్థాపించిన పన్నెండింటిలో ఒకటైన పాత అక్రింగ్టన్ క్లబ్ ఎప్పుడో అంతరించింది. తర్వాత వచ్చిన అక్రింగ్టన్ స్టాన్లీ అప్పులు తీర్చలేక 1962లో సీజన్ మధ్యలోనే లీగ్ నుంచి తప్పుకుంది. ఆ ఖాళీలోకి వచ్చినది దక్షిణాది క్లబ్ ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్. 44 ఏళ్ల తర్వాత 2006లో స్టాన్లీ లీగ్‌లోకి తిరిగి వచ్చిన ఏడాదే ఆక్స్‌ఫర్డ్ బయటికి వెళ్లింది. ఇంత చక్కగా లెక్క సరిపోవడం అరుదు. ఎక్కువసార్లు జరిగింది వేరు. 1970లో బ్రాడ్‌ఫర్డ్ పార్క్ అవెన్యూ స్థానంలో కేంబ్రిడ్జ్ యునైటెడ్ వచ్చింది, 1977లో కంబర్లాండ్ తీరంలోని వర్కింగ్టన్ స్థానంలో లండన్ క్లబ్ వింబుల్డన్ వచ్చింది. అప్పట్లో ఈ మార్పులు క్లబ్బుల ఓట్లతో జరిగేవి. బొగ్గు, ఇనుము, నూలు ఊళ్లలో పని తగ్గుతున్న కొద్దీ ఆ ఊళ్ల జట్లు అంచుకు జరుగుతూ పోయాయి.

బర్న్లీ ఇంకా నిలిచి ఉంది. లక్షకు లోపు జనాభా ఉన్న ఈ ఊరు 1960లో దేశ విజేత. 1987లో ఇదే క్లబ్ నాలుగో శ్రేణిలో ఆఖరి ఆటకు ఆఖరి స్థానంలో నిలిచి, లండన్ జట్టు ఓరియెంట్‌ను 2-1తో గెలిచి లీగ్‌లో ప్రాణం నిలుపుకుంది. 2024-25 సీజన్‌లో రెండో శ్రేణిలో 46 ఆటల్లో 16 గోల్స్ మాత్రమే ఇచ్చి, నూరు పాయింట్లతో, యార్క్‌షైర్ జట్టు లీడ్స్‌తో పాటు పైకి చేరింది. నేను వెళ్లినప్పుడు బర్న్లీ మైదానం టర్ఫ్ మూర్ చుట్టూ పచ్చిక కోసిన వాసన ఉంది. కొత్త సీజన్ అంగీల కోసం దుకాణంలో పిల్లలు వరుసలో నిలబడ్డారు.

ఆనందించదగిన విషయమే, అయినా బాబాయి దారిలో గుర్తుచేసిన మాట కూడా రాయాలి. పై శ్రేణి నుంచి జారిన క్లబ్బులకు కొన్నేళ్లపాటు ప్రీమియర్ లీగ్ డబ్బు అందుతుంది, ‘పారాచూట్’ చెల్లింపులంటారు. లీడ్స్, బర్న్లీ రెండూ ఆ డబ్బు అందినవే. ఆ డబ్బు అందని రోవర్స్ వంటి క్లబ్ అదే శ్రేణిలో వాటితో పోటీ పడాలి. ఎలాగో పైకి చేరినా నిలవడం కష్టం. 2023-24లో పైకి వచ్చిన మూడు జట్లూ ఆ ఏడాదే జారాయి, 2024-25లో వచ్చిన మూడూ అలాగే జారాయి.

ఆరో రోజు: బరీ, మాంచెస్టర్

మాంచెస్టర్ నుంచి ట్రాములో అరగంటలో బరీ చేరవచ్చు. గిగ్ లేన్ మైదానం దాకా ఒక్కణ్ణే నడిచి వెళ్లాను. 1885 నుంచి బరీ క్లబ్ ఇక్కడే ఆడింది. 1900లోనూ 1903లోనూ ఎఫ్.ఎ. కప్ గెలిచింది. 1903 ఫైనల్లో డర్బీని 6-0తో ఓడించిన రికార్డును 2019లో మాంచెస్టర్ సిటీ సమం చేసింది, ఇంకా ఎవరూ దాటలేదు. అదే 2019 వసంతంలో బరీ నాలుగో శ్రేణి నుంచి మూడో శ్రేణికి అర్హత సాధించింది. అంతకు ముందటి డిసెంబరులో ఆ క్లబ్ ఒక్క పౌండుకు చేతులు మారింది. అప్పులు తీర్చగలిగే ఆధారం చూపలేకపోవడంతో 2019 ఆగస్టు 27న లీగ్ దాన్ని బహిష్కరించింది. 125 ఏళ్ల సభ్యత్వం ఒక రాత్రిలో ముగిసింది. పక్క ఊరు బోల్టన్ మరుసటి రోజు కొనుగోలుదారు దొరకడంతో గట్టెక్కింది.

అభిమానులు కొత్త క్లబ్ పెట్టుకుని వేరే మైదానంలో ఆడించారు. 2023లో అందరూ ఒక్కటై పాత పేరుతో గిగ్ లేన్‌కు తిరిగి వచ్చారు. ఇప్పుడు లీగ్‌కు చాలా అంచెల కింద ఆడుతున్నారు. గేటు దగ్గర రంగు వేస్తున్న పెద్దాయన ఒకరు నన్ను లోపలికి రానిచ్చి, ఖాళీ సీట్లను చేత్తో చూపించారు. తాను ఈ పనికి డబ్బు తీసుకోనని చెప్పి మళ్లీ రంగు డబ్బా దగ్గరికి వెళ్లారు. చాలాసేపు ఆ మెట్ల మీద కూర్చున్నాను. సుమారు ఎనిమిది మైళ్ల దూరంలోనే ప్రపంచంలో అత్యంత ధనవంతమైన క్లబ్బుల్లో రెండు ఉన్నాయి.

సాయంత్రం మాంచెస్టర్‌లోని జాతీయ ఫుట్‌బాల్ మ్యూజియం చూశాను. ఈ మ్యూజియం 2001లో ప్రెస్టన్‌లోని డీప్‌డేల్ మైదానంలోనే మొదలైంది, 2010లో అక్కడ మూతపడి 2012లో ఇక్కడ తెరుచుకుంది. ఆట చరిత్ర కూడా చిన్న ఊరు వదిలి నగరానికి వచ్చేసింది. ఇక్కడ కూర్చుని లెక్క వేసుకున్నాను: 1992-93 నుంచి 2024-25 దాకా 33 ప్రీమియర్ లీగ్ పట్టాల్లో 24 ఉత్తరానివే. యునైటెడ్ 13, సిటీ 8, లివర్‌పూల్ 2, బ్లాక్‌బర్న్ 1. ఈ అంకెలు చూపించి, ఉత్తరానికి అన్యాయం ఎక్కడ జరిగిందని అడిగేవాళ్లున్నారు. 24లో 23 ముప్ఫై మైళ్ల ఎడంలో ఉన్న రెండు నగరాలవని మాత్రం వాళ్లు చెప్పరు. వంద దేశాల్లో అభిమానులున్న ఆ క్లబ్బులకు చుట్టూ ఉన్న ఊళ్లతో పని లేదు. 1983 దాకా లీగ్ ఆటల గేటు రాబడిలో కొంత వాటా అతిథి జట్టుకు వెళ్లేది. ఆ ఏడాది నుంచి అంతా ఆతిథ్య జట్టుదే అయింది. 1992లో పై శ్రేణి విడిపోయి ప్రసార హక్కుల డబ్బునూ తనతో తీసుకుపోయింది. దక్షిణాది పెరగడం ఒక్కటే కారణమైతే ఈ ఊళ్లు ఇంతగా చితికేవి కావు. పెద్దవాటికీ చిన్నవాటికీ మధ్య ఉన్న కాలువలను ఒక్కొక్కటిగా పూడ్చారు.

ఏడో రోజు: సండర్లాండ్

న్యూకాజిల్ దాకా రైలు, అక్కడి నుంచి మెట్రో. వేర్ నది ఒడ్డున, 1993లో మూతపడిన మంక్‌వేర్‌మత్ బొగ్గుగని స్థలంలోనే సండర్లాండ్ మైదానం ఉంది. దాని పేరు స్టేడియం ఆఫ్ లైట్. ముందు గని కార్మికుడి దీపం ఆకారంలో పెద్ద కట్టడం. 2017లోనూ 2018లోనూ వరుసగా జారి ఈ క్లబ్ మూడో శ్రేణిలో పడింది. ఆ 2018 క్రిస్మస్ మరునాడు, మూడో శ్రేణిలో, బ్రాడ్‌ఫర్డ్‌తో జరిగిన ఆటకు వచ్చినవాళ్లు 46,039 మంది. అదే సీజన్‌లో ప్రీమియర్ లీగ్‌లో ఉన్న బోర్న్‌మత్ మైదానం అంచుల దాకా నిండినా 11 వేలే. అభిమానం రాబడిని నిర్ణయించే కాలం పోయిందనడానికి ఈ రెండు అంకెలు నా నోటుపుస్తకంలో పక్కపక్కన ఉన్నాయి.

నేను వెళ్లడానికి కొద్ది వారాల ముందు, మే 24న, లండన్‌లోని వెంబ్లీ మైదానంలో, పైకి చేరే మూడో జట్టును తేల్చే ఆటలో షెఫీల్డ్ యునైటెడ్‌ను 2-1తో ఓడించి సండర్లాండ్ ఎనిమిదేళ్ల తర్వాత పై శ్రేణికి చేరింది. పారాచూట్ డబ్బు లేకుండా చేరింది. అదనపు నిమిషాల్లో గెలుపు గోల్ కొట్టింది క్లబ్ అకాడమీలోనే పెరిగిన 19 ఏళ్ల టామ్ వాట్సన్. అప్పటికే అతను దక్షిణ తీరంలోని బ్రైటన్‌కు వెళ్లడానికి ఒప్పందం కుదిరి ఉంది. ఆ అంగీతో అతని చివరి ఆట అదే.

దీపం దగ్గర ఒక తాతగారు మనవడికి ఆ గోల్ ఎలా పడిందో పేవ్‌మెంట్ మీద చెప్పుల కాలితో గీసి చూపిస్తున్నారు. “అతను వెళ్లిపోయాడుగా తాతా?” అని పిల్లవాడు అడిగాడు. “వెళ్లాడు. గోల్ మాత్రం మనదే” అన్నారాయన, మళ్లీ మొదటి నుంచి గీయడం ప్రారంభిస్తూ.

పటం తీసి, సండర్లాండ్ చుట్టూ ఉన్న పాత ఎర్ర సున్నా మీద నీలం పెన్సిలుతో మరొకటి చుట్టాను. లీడ్స్‌కూ బర్న్లీకీ కొత్తవి చుట్టాను. బరీ ఆ పటంలో ఒక చిన్న చుక్క. అక్కడ పెన్సిలు పెట్టకుండా పటం మడిచి, కింగ్స్ క్రాస్ వెళ్లే రైలు ఎక్కాను.